2009 నాటి సర్క్యులర్, 4.30 కోట్ల అప్పు: డెల్టాలోని ఒక రొయ్యల ఫ్యాక్టరీలో రిటైర్మెంట్ ప్రయోజనాల లెక్క

భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లే దారిలో ఒక ఫ్యాక్టరీ ఉందనుకుందాం. రొయ్యల ప్రాసెసింగ్, కోల్డ్ స్టోరేజీ, ఐస్ ప్లాంటు, పక్కనే మేత మిల్లు. పర్మినెంటు ఉద్యోగులు 412 మంది. మాతృసంస్థ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదయ్యాయి కాబట్టి దీని పుస్తకాలకూ ఇండ్ ఏఎస్ (అంతర్జాతీయ ప్రమాణాలకు దగ్గరగా రూపొందించిన భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) వర్తిస్తుంది. ఈ కేసు ఏ ఒక్క సంస్థదీ కాదు. డెల్టాలోని ఈ తరహా యూనిట్లలో పదేపదే ఎదురయ్యే చిక్కుల్ని ఒకచోట చేర్చి, లెక్క కుదిరేలా అంకెలు వేసిన నమూనా. చట్టాలు, ప్రమాణాలు, విధానాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

లెక్క 2025-26 ఆర్థిక సంవత్సరానిది, ముగింపు 2026 మార్చి 31. యాజమాన్యం ఉద్యోగులకు ఇచ్చిన దీర్ఘకాలిక హామీలు పుస్తకాల ప్రకారం మూడు: పీఎఫ్, గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్. ఇలాంటి హామీల కింద రేపు చెల్లించాల్సిన మొత్తపు నేటి విలువనే ఇక్కడ అప్పు అంటున్నాం. వెల్ఫేర్ ఫైలు తెరిస్తే నాలుగోది బయటపడింది: రిటైరైన వారికి జీవితాంతం వైద్య బీమా. ఈ కేసులో అసలు విషయం అదే. అయితే మిగతా మూడూ సరిగా కుదరకపోతే నాలుగోదాని లెక్క పట్టుబడదు.

పీఎఫ్: ఒక్క ప్రశ్న చాలు

చందా ఈపీఎఫ్‌ఓకి కడుతున్నారా, సొంత ట్రస్టు ఉందా? ఇక్కడ ఈపీఎఫ్‌ఓకే. యాజమాన్యం వేతనం మీద 12 శాతం వాటా కట్టేస్తే ఆ నెల బాధ్యత తీరిపోయినట్టే. అందులో వేతనం మీద 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది. 15,000 రూపాయల వేతన పరిమితి మీద అది నెలకు 1,250. రేపు పింఛను నిధి చాలకపోయినా లోటు పూడ్చే బాధ్యత కంపెనీది కాదు. అందుకే ఇది డిఫైన్డ్ కంట్రిబ్యూషన్: కట్టినంత ఖర్చు రాయడమే, యాక్చువరీ (రేపటి చెల్లింపులకు ఇవాళ్టి విలువ కట్టే నిపుణుడు) అక్కర్లేదు.

మినహాయింపు పొందిన సొంత ట్రస్టు ఉంటే సంగతి వేరు. ఈపీఎఫ్‌ఓ ప్రకటించిన వడ్డీ కంటే ట్రస్టు రాబడి తగ్గితే ఆ తేడా యాజమాన్యమే భరించాలి. ఆ హామీ ఉన్నంతవరకు అది డిఫైన్డ్ బెనిఫిట్, దానికి విలువ కట్టించాల్సిందే.

గ్రాట్యుటీ: ఒక మనిషి లెక్కతో మొదలు

యాక్చువరీ రిపోర్టు వచ్చాక మొత్తం అంకెను నమ్మడానికి ముందు ఒకరిద్దరి లెక్క చేత్తో వేసి చూడాలి. ఐస్ ప్లాంటు ఆపరేటర్ ఒకరిని తీసుకుందాం. వయసు 46, సర్వీసు 18 ఏళ్లు, బేసిక్ డీఏ కలిపి నెలకు 24,000. రిటైర్మెంట్ 58కి, అంటే ఇంకా 12 ఏళ్లు. జీతం ఏటా 7 శాతం పెరుగుతుందనీ, డిస్కౌంట్ రేటు (రేపటి మొత్తాన్ని ఇవాళ్టి విలువకు తెచ్చే రేటు) 6.8 శాతమనీ అనుకుందాం.

58 ఏళ్లకు జీతం 54,053. ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం, భాగహారం 26తో (నెలకు 26 పనిదినాల లెక్క). అంటే ఏడాదికి 31,184. ఇప్పటికి పూర్తయిన 18 ఏళ్లకు 5,61,316. దాన్ని 12 ఏళ్లకు 6.8 శాతం చొప్పున వెనక్కి తెస్తే 2,54,889. ప్రొజెక్టెడ్ యూనిట్ క్రెడిట్ పద్ధతి అంటే ఇంతే: జీతం రేపటిది, సర్వీసు నేటిదాకా, విలువ ఇవాళ్టిది. మరణం, మధ్యలో మానేయడం అనే సంభావ్యతల్ని యాక్చువరీ దీనికి జోడిస్తాడు. మరణానికి ఇండియన్ అష్యూర్డ్ లైవ్స్ మార్టాలిటీ 2012-14 పట్టిక వాడతారు.

ఇవాళే మానేస్తే అతనికి వచ్చేది 2,49,231. రెండు అంకెలూ దగ్గరగా ఉన్నాయి. జీతం పెరుగుదల, డిస్కౌంట్ రేటు దాదాపు సమానం కాబట్టే అలా ఉంది. దీన్నుంచి పనికొచ్చే ఒక పరీక్ష దొరుకుతుంది. ఈ రెండు రేట్లూ దగ్గరగా ఉన్నప్పుడు ఐదేళ్లు దాటినవారి విషయంలో అట్రిషన్ రేటు (ఏటా మానేసేవారి శాతం) మార్చినా అప్పు పెద్దగా కదలదు. ఐదేళ్లలోపు వారి విషయంలో మాత్రం బాగా కదులుతుంది, ఎందుకంటే మానేస్తే వారికి ఏమీ రాదు. అట్రిషన్‌ను 4 శాతం నుంచి 8కి మార్చగానే మొత్తం అప్పు బాగా పడిపోయిందంటే, పాతవాళ్ల డేటాలో చేరిన తేదీలు తప్పు పడ్డాయేమో చూడాలి.

జీతం పెరుగుదల దగ్గర బేరాలు ఎక్కువ. అదే ఆపరేటర్‌కి 7 బదులు 9 శాతం వేస్తే అప్పు 3,18,318 అవుతుంది, అంటే పావు వంతు ఎక్కువ. మేనేజ్‌మెంటు 5 శాతం రాసి పంపిస్తుంది. వేతన ఒప్పందం ప్రకారం గత మూడేళ్ల పెరుగుదల ఫైల్లో వేరేలా ఉంటుంది. డీఏ పెంపు, ప్రమోషన్లు కలుపుకుని గత ఐదేళ్ల జీతాల షీట్ల నుంచి సగటు తీసి ఫైల్లో పెట్టకపోతే ఆ 5 శాతం ఆడిట్లో నిలబడదు. డిస్కౌంట్ రేటు దగ్గర ఈ బేరం కుదరదు. మన దేశంలో ఇండ్ ఏఎస్ 19 (ఉద్యోగుల ప్రయోజనాల ప్రమాణం) ప్రకారం అది ప్రభుత్వ బాండ్ల రాబడే కావాలి, అదీ అప్పు సగటు కాలానికి సరిపోయే బాండ్లది, మార్చి 31 నాటిది. గ్రాట్యుటీకి సగటు కాలం 11 ఏళ్లయితే పదకొండేళ్ల దరిదాపు రాబడి, రిటైరైన వారి వైద్యానికి కాలం ఎక్కువ కాబట్టి దానికి తగ్గ రాబడి. రెండింటికీ ఒకే రేటు వేసి వదిలేసిన రిపోర్టులు తరచూ కనిపిస్తాయి. ఈ నమూనాలో రెండింటికీ తేడా స్వల్పమనుకుని 6.8 దగ్గరే ఉంచాం.

20 లక్షల పరిమితిని కూడా చూడాలి. 2018 మార్చిలో అది 10 నుంచి 20 లక్షలకు పెరిగింది. మేత మిల్లు మేనేజర్‌కి బేసిక్ 1,10,000, సర్వీసు 25 ఏళ్లు. ఇవాళ్టి లెక్కన 15.87 లక్షలు, 7 శాతం చొప్పున పెరిగితే మూడేళ్లకు 20 లక్షలు దాటుతుంది. పరిమితి దగ్గర ఆపాలా వద్దా అన్నది చట్టం ఒక్కటే చెప్పదు. గతంలో రిటైరైన మేనేజర్లకు కంపెనీ పరిమితికి మించి ఇచ్చిందా చూడాలి. ఇచ్చిన అలవాటు ఉంటే పరిమితి లేకుండానే విలువ కట్టాలి.

ఇన్సూరెన్సు వాళ్ల స్టేట్‌మెంటు, దానితో వచ్చే తలనొప్పి

గ్రాట్యుటీ ట్రస్టు ఒక బీమా సంస్థ గ్రూప్ గ్రాట్యుటీ పాలసీలో డబ్బు పెట్టింది. ఏటా రెన్యువల్‌కి బీమా సంస్థ ఒక లెటరు పంపుతుంది. అందులో గత సర్వీసు బాధ్యత అంటూ ఒక అంకె ఉంటుంది. చిన్న యూనిట్లలో అకౌంటెంట్లు దాన్నే ప్రొవిజన్‌గా రాసేస్తారు. అది చందా ఎంత కట్టాలో తేల్చడానికి వేసిన లెక్క. దాని జీతం పెరుగుదల, వడ్డీ ఊహలు బీమా సంస్థవి, తేదీ రెన్యువల్ నాటిది. బ్యాలెన్స్ షీటుకి అది పనికిరాదు.

ఫండ్ విలువలోనూ మూడు చోట్ల జారతాం. కట్టిన చెక్కులో కొంత భాగం రిస్కు కవరు ప్రీమియం, దాని మీద జీఎస్టీ. ఆ భాగం ఫండ్‌లోకి చేరదు, ఖర్చులోకి పోతుంది. వడ్డీ ఏడాది చివర జమ అయ్యే పాలసీల్లో మార్చి 31 నాటికి రావాల్సిన వడ్డీని విడిగా అడిగి తెప్పించుకోవాలి. ఇక రిటైరైన మనిషికి కంపెనీయే ముందు చెక్కు ఇచ్చి, తరువాత ఫండ్ నుంచి క్లెయిము చేసే అలవాటు మన వైపు ఎక్కువ. మార్చిలో ఇచ్చి మేలో తెచ్చుకుంటే, యాక్చువరీకి పంపిన చెల్లింపుల షీట్లో ఆ పేరు ఉండాలి. పుస్తకాల్లో ఆ మొత్తం ఫండ్ నుంచి రావాల్సింది. లేదంటే అదే మనిషి అప్పులోనూ ఉంటాడు, చెల్లింపులోనూ ఉంటాడు.

2025-26 కదలిక, లక్షల్లో

అప్పు వైపు:
ప్రారంభం 620.0
వడ్డీ 40.5 (చెల్లింపులు సగటున ఏడాది మధ్యలో జరిగాయనుకుని 596 మీద 6.8 శాతం)
ఈ ఏటి సర్వీసు ఖర్చు 52.0
గత సర్వీసు ఖర్చు 38.0 (చట్టం మార్పు వల్ల, కింద వివరం)
చెల్లించినవి (48.0)
ఊహల మార్పు వల్ల (6.0)
అనుభవం వల్ల 21.0 (ఊహించినదానికీ జరిగినదానికీ తేడా)
ముగింపు 717.5

ఫండ్ వైపు:
ప్రారంభం 480.0
వడ్డీ ఆదాయం 31.0
కంపెనీ చందా 60.0 (మార్చి ఆఖరులో)
చెల్లించినవి (48.0)
వడ్డీకి మించి వచ్చిన రాబడి 3.5
ముగింపు 526.5

నికర అప్పు 140.0 నుంచి 191.0కి పెరిగింది. లాభనష్టాల ఖాతాకి పోయేది 52.0 సర్వీసు ఖర్చు, 38.0 గత సర్వీసు ఖర్చు, 9.5 నికర వడ్డీ, కలిపి 99.5. ఓసీఐకి (లాభనష్టాల ఖాతా బయట చూపే ఇతర సమగ్ర ఆదాయం) పోయేది 11.5 నష్టం. 140.0కి 99.5, 11.5 కలిపి చందా 60.0 తీసేస్తే 191.0 రావాలి, వస్తుంది. ఈ సరిచూపు కుదరకుండా జర్నల్ వేయకూడదు. ఓసీఐకి పోయింది మళ్లీ ఎప్పటికీ లాభనష్టాలకు తిరిగి రాదు, దాని మీద డెఫర్డ్ ట్యాక్స్ (రాబోయే ఏళ్లలో తేలే పన్ను ప్రభావం) కూడా ఓసీఐలోనే.

అనుభవం వల్ల వచ్చిన 21 లక్షల నష్టం గురించి అడగకుండా సంతకం పెట్టే ఆడిటర్లు ఉన్నారు. అడగాలి. ఇక్కడ తేలినవి రెండు. ఊహించినదానికంటే జీతాలు ఎక్కువ పెరిగాయి, ఇది ఒకటి. ఇక పాత భాగస్వామ్య సంస్థ నుంచి యూనిట్‌ను తీసుకున్నప్పుడు బదిలీ అయిన తొమ్మిదిమంది సర్వీసు డేటాలో కంపెనీ ఏర్పడిన తేదీ నుంచే మొదలైంది. టేకోవర్ అగ్రిమెంటులో సర్వీసు కొనసాగింపు ఒప్పుకున్నారు. ఈ రెండోది అనుభవం కాదు, పాత తప్పు. మొత్తం చిన్నది కాబట్టి ఈ ఏడాదే సర్దారు. పెద్దదైతే దారి వేరు, అది కింద వస్తుంది.

2025 నవంబరు 21

ఆ రోజు నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. గ్రాట్యుటీకి సంబంధించి రెండు మార్పులు నేరుగా తగులుతాయి. వేతనం నిర్వచనం మారింది: మొత్తం ఆదాయంలో అలవెన్సుల వంటి మినహాయింపులు సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వచ్చింది.

ఫ్యాక్టరీ కార్మికుల్లో చాలామందికి బేసిక్, డీఏ ఎలాగూ మొత్తంలో సగం పైనే. వారి లెక్క కదల్లేదు. దెబ్బ ఆఫీసు, క్వాలిటీ, మార్కెటింగు సిబ్బంది దగ్గర. వారి బేసిక్ 40 శాతం, మిగతా అంతా అలవెన్సులే. 40 నుంచి 50కి వెళ్లడమంటే గ్రాట్యుటీ పునాది 25 శాతం పెరగడం. మేత మిల్లులో ఉన్న నిర్ణీత కాల ఉద్యోగులు అసలు డేటాలోనే లేరు. ఐదేళ్లు ఉండరని వదిలేశారు. ఇప్పుడు వాళ్లను చేర్చాల్సిందే.

ఈ రెండింటివల్ల పెరిగిన 38 లక్షలు యాక్చువరియల్ నష్టం (ఊహలు మారడం, తప్పడం వల్ల వచ్చేది) కాదు. చట్టం ప్రయోజనాన్నే మార్చింది కాబట్టి ఇది గత సర్వీసు ఖర్చు, మొత్తం ఒకేసారి లాభనష్టాల ఖాతాకి. ఓసీఐలో పెడితే లాభం బాగా కనిపిస్తుంది, అందుకే ఆ కోరిక పుడుతుంది. మార్పు జరిగిన రోజు నుంచి మిగిలిన కాలానికి సర్వీసు ఖర్చు, వడ్డీని కొత్త ఊహలతో మళ్లీ లెక్కించాలన్నది 2019 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం. ఈ నమూనాలో నవంబరు తరువాత తేడా చిన్నది కాబట్టి విడిగా చూపలేదు.

డెల్టాలో చాలా రైసుమిల్లులకూ నమోదుకాని చిన్న కంపెనీలకూ ఇండ్ ఏఎస్ వర్తించదు, పాత ఏఎస్ 15 వర్తిస్తుంది. అక్కడ యాక్చువరియల్ లాభనష్టాలన్నీ లాభనష్టాల ఖాతాకే పోతాయి. గత సర్వీసు ఖర్చులో ఇప్పటికే హక్కు ఏర్పడిన వారి భాగాన్ని వెంటనే రాయాలి. ఐదేళ్లు నిండని వారి భాగాన్ని హక్కు ఏర్పడే దాకా సమానంగా పంచుతారు. యాక్చువరీకి ఏ ప్రమాణం ప్రకారం రిపోర్టు కావాలో ముందే చెప్పాలి.

వెల్ఫేర్ ఫైల్లో కాగితం

2009లో నోటీసు బోర్డుకి అంటించిన సర్క్యులర్ ఒకటి. సారాంశం: సంస్థలో 20 ఏళ్లు పనిచేసి 58 ఏళ్లకు రిటైరైన వారికీ వారి జీవిత భాగస్వామికీ 2 లక్షల ఫ్లోటరు (ఇద్దరికీ ఉమ్మడి కవరు) మెడిక్లెయిము, ప్రీమియం జీవితాంతం సంస్థే కడుతుంది. ఏటా ఉద్యోగుల గ్రూప్ పాలసీలోనే వీళ్ల పేర్లూ కలిపి ఒకే బిల్లు. ఆ బిల్లు స్టాఫ్ వెల్ఫేర్ లెడ్జరులో పడిపోతుంది. ఎన్నేళ్లుగానో అలా జరుగుతున్నా ఎవరూ ఆపి అడగలేదు, ఎందుకంటే మొత్తం చిన్నది. కుటుంబానికి 16,000 చొప్పున 64 రిటైర్డ్ కుటుంబాలకు 10.2 లక్షలు.

ఇది డిఫైన్డ్ బెనిఫిట్. ప్రీమియం కట్టడంతో బాధ్యత తీరదు, రేపటి ప్రీమియం ఎంతైనా కట్టాలన్న హామీ అది. అమెరికాలో ఇదే సంగతి ముందే బయటపడింది. రిటైరైన వారి వైద్య ఖర్చుని కట్టినప్పుడల్లా రాయడం ఆపి, ఉద్యోగంలో ఉండగానే అప్పుగా రాయాలని 1990లో అక్కడి ప్రమాణం చెప్పింది. దాన్ని అమలు చేసిన 1992లో జనరల్ మోటార్స్ ఒక్క ఏడాదే 2,000 కోట్ల డాలర్లకు పైగా భారం రాసుకుంది. అక్కడా చిన్న చిన్న ఏటి బిల్లులుగానే కనిపించింది.

లెక్కలో మొదటి ప్రశ్న ప్రీమియం ఎంత అన్నది. బిల్లులో ఉన్న 16,000 సగటు. ఆ సగటులో ముప్పై ఏళ్ల క్వాలిటీ కెమిస్టూ ఉన్నాడు, డెబ్భై ఏళ్ల రిటైర్డ్ ఫోర్‌మన్ దంపతులూ ఉన్నారు. చిన్నవాళ్ల ప్రీమియంలోంచి పెద్దవాళ్ల ఖర్చు పోతోంది. వయసుల వారీగా కొటేషన్ అడిగితే 60 దాటిన దంపతులకు 24,000 వచ్చింది. విలువ కట్టాల్సింది దాని మీద. బీమా సంస్థ దగ్గర మూడేళ్ల క్లెయిముల వివరాలు వయసుల వారీగా తీసుకోవాలి. ఇస్తారు, అయితే రెన్యువల్‌కి ముందు అడగాలి. రెన్యువల్ అయిపోయాక ఆ ఫోను ఎవరూ ఎత్తరు.

ఇప్పుడే రిటైరైన ఒక జంట లెక్క చూద్దాం. ఇద్దరిలో ఆఖరివారు సగటున 22 ఏళ్లు బతుకుతారనీ, వైద్య ఖర్చు ఏటా 10 శాతం పెరుగుతుందనీ, డిస్కౌంట్ 6.8 శాతమనీ అనుకుంటే ప్రస్తుత విలువ 7.33 లక్షలు. 24,000 బిల్లు వెనక 7.33 లక్షల అప్పు. వైద్య ద్రవ్యోల్బణం 11 శాతం వేస్తే 8.16 లక్షలు, అంటే ఒక్క శాతానికి 11 శాతం పెరుగుదల. 7 శాతం వేస్తే 5.39 లక్షలు. రిపోర్టులో జీతం పెరుగుదల గురించి రెండు పేజీలు ఉండి, వైద్య ద్రవ్యోల్బణానికి ఒక్క వాక్యమే ఉంటే తిప్పి పంపాలి. ఈ హామీకి జీతంతో సంబంధమే లేదు.

పై లెక్క సులువు చేసి చూపింది. ఒకరు పోయాక ఫ్లోటరు ప్రీమియం తగ్గుతుంది, వయసు దాటేకొద్దీ స్లాబు మారి పెరుగుతుంది. యాక్చువరీ ఈ రెండింటినీ కలపాలి. మరణాల పట్టిక కూడా మారాలి. ఉద్యోగంలో ఉన్నవారికి అష్యూర్డ్ లైవ్స్ పట్టిక వాడినా, రిటైర్మెంట్ తరువాతి కాలానికి అన్యూయిటీ తీసుకున్నవారి అనుభవం మీద కట్టిన 2012-15 పట్టిక నప్పుతుంది. ఎక్కువకాలం బతకడమే ఇక్కడ ఖర్చు. భార్య పుట్టిన తేదీ చాలా సర్వీసు రిజిస్టర్లలో ఉండదు. మెడిక్లెయిము కార్డుల నుంచి తీసుకోవచ్చు.

రెండో ప్రశ్న: ఎవరికి వర్తిస్తుంది? సర్క్యులర్లో పనిచేసిన వారందరూ అని ఉంది. ఆచరణలో మాత్రం సూపర్‌వైజర్లు, ఆఫీసు సిబ్బందికే ఇచ్చారు. 21,000 లోపు జీతంతో ఈఎస్ఐలో ఉన్న కార్మికులకు ఎవరూ ఇవ్వలేదు. ఈఎస్ఐలో ఐదేళ్లు పైబడి ఉండి రిటైరైన వారికి ఏడాదికి 120 రూపాయలు కడితే దంపతులిద్దరికీ వైద్యం ఉంది. అది ఈఎస్ఐ కార్పొరేషన్ బాధ్యత, కంపెనీ అప్పు కాదు. కాగితం మాట, ఆచరణ వేరైనప్పుడు ఇండ్ ఏఎస్ 19 రెండింటినీ చూడమంటుంది: రాతపూర్వక హామీ, దానికి తోడు ఆచరణ వల్ల ఏర్పడిన హామీ. రాతలో ఎక్కువ ఉంటే ఆచరణ తక్కువని చెప్పి తప్పించుకోవడం కష్టం. యూనియన్‌తో జరిగిన వేతన ఒప్పందంలో, ఈఎస్ఐ పరిధిలోని వారికి ఇది వర్తించదన్న క్లాజు దొరికింది కాబట్టి ఈ కేసు తేలికైంది. ఆ క్లాజు లేకపోతే లాయరు అభిప్రాయం తీసుకోకుండా కార్మికులను డేటా నుంచి తీసేయడానికి వీల్లేదు.

మూడో ప్రశ్నలో చాలా రిపోర్టులు తప్పుతాయి. ఉద్యోగంలో ఉన్నవారి ప్రయోజనాన్ని ఏ ఏళ్ల సర్వీసుకి పంచాలి? మొదటి డ్రాఫ్టులో యాక్చువరీ చేరిన తేదీ నుంచి 58 దాకా పంచాడు. 24 ఏళ్లకు చేరి ఇప్పుడు 40 ఏళ్లున్న కెమిస్టుకి 34లో 16, అంటే 47 శాతం అప్పు ఇప్పటికే ఏర్పడినట్టు. కానీ హామీకి కావాల్సింది రిటైర్మెంట్ నాటికి 20 ఏళ్ల సర్వీసు. 38 ఏళ్ల వయసులో చేరినవాడికీ అదే కవరు వస్తుంది. అందువల్ల 38కి ముందు చేసిన సర్వీసు ప్రయోజనానికి ఏమీ జోడించదు. పంచాల్సింది 38 నుంచి 58 దాకా. అతనికి 20లో 2, అంటే 10 శాతమే. ప్రమాణంలోనే ఇలాంటి ఉదాహరణ ఉంది, అంతర్జాతీయ ప్రమాణాల (ఐఎఫ్ఆర్ఎస్) వ్యాఖ్యాన కమిటీ కూడా 2021లో ఇదే దారి చెప్పింది. 39 ఏళ్లకు చేరినవాడికి 58 నాటికి 19 ఏళ్లే అవుతాయి, అతని పేరున సున్నా. ఈ ఒక్క సవరణతో ఉద్యోగంలో ఉన్నవారి భాగం 214 లక్షల నుంచి 150కి దిగింది. రిటైరైన 64 కుటుంబాల భాగం 280. మొత్తం 430 లక్షలు, 2024 ఏప్రిల్ 1 నాటికి.

పుస్తకాల్లోకి ఎలా ఎక్కించారు

తొందరపడి ఈ ఏటి ఖర్చులో 430 లక్షలు వేసేయడం, లేదా ఊహల మార్పు అని చెప్పి ఓసీఐలో తోసేయడం రెండూ తప్పే. కాగితం 2009 నుంచి ఉంది, సమాచారం అందుబాటులోనే ఉంది, పట్టించుకోలేదు. ఇది గత కాలపు తప్పు. ఇండ్ ఏఎస్ 8 ప్రకారం పోల్చి చూపే పాత ఏడాదిని సవరించాలి, 2024 ఏప్రిల్ 1 నాటి మూడో బ్యాలెన్స్ షీటు కూడా ఇవ్వాలి.

2024 ఏప్రిల్ 1 నాటి పద్దు, లక్షల్లో:
రిటైన్డ్ ఎర్నింగ్స్ (పోగుపడిన లాభాలు) డెబిట్ 321.8
డెఫర్డ్ ట్యాక్స్ ఆస్తి డెబిట్ 108.2
రిటైరైన వారి వైద్య బాధ్యత క్రెడిట్ 430.0

పన్ను రేటు 25.168 శాతం. ప్రీమియం నిజంగా కట్టినప్పుడే పన్నులో మినహాయింపు వస్తుంది కాబట్టి డెఫర్డ్ ట్యాక్స్ ఆస్తి పుడుతుంది. రేపు తగినంత లాభం వస్తుందన్న నమ్మకానికి ఆధారం ఫైల్లో ఉండాలి. రొయ్యల ధర పడిపోయిన ఏళ్లు వరసగా ఉంటే ఆడిటర్ దీన్నే పట్టుకుంటాడు. గ్రాట్యుటీ ప్రొవిజన్ సంగతీ దాదాపు అంతే. ఈ ఏడాదికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 40ఏ(7) వల్ల ఉత్త ప్రొవిజన్‌కి మినహాయింపు లేదు, ఆమోదం పొందిన గ్రాట్యుటీ ఫండ్‌కి కట్టిన చందాకి ఉంది. ట్రస్టు ఆమోద ఉత్తర్వు కాపీ ఫైల్లో లేకపోతే ముందు అది వెతకాలి.

2025-26లో ఈ పథకం కదలిక: ప్రారంభం 452.0, వడ్డీ 30.2, సర్వీసు ఖర్చు 9.0, కట్టిన ప్రీమియం (15.4), యాక్చువరియల్ నష్టం 12.0, ముగింపు 487.8. లాభనష్టాలకి 39.2 పోతుంది. పాత పద్ధతిలో 10.2 మాత్రమే కనిపించేది. ఈ 39.2లో 30.2 వడ్డీయే. దీనికి ఫండ్ లేదు కాబట్టి ఎదురు నిలిచే ఆదాయమూ లేదు. ఇంకో సర్దుబాటు మర్చిపోకూడదు. రిటైరైన వారికి 15.4 అని తేలాక, పాత బిల్లులో వారి పేరున పడ్డ 10.2 తీసేసి, మిగతా 5.2 ఉద్యోగుల మెడిక్లెయిము ఖర్చు నుంచి తగ్గించాలి. లేకపోతే అదే ప్రీమియం రెండుచోట్ల పడుతుంది.

లీవ్, ముక్క కూలి

లీవ్ ఎన్‌క్యాష్‌మెంటుకీ యాక్చువరీ అవసరమే, కానీ ఇది రిటైర్మెంట్ తరువాతి ప్రయోజనం కాదు, ఇతర దీర్ఘకాలిక ప్రయోజనం. దీని యాక్చువరియల్ నష్టం ఓసీఐకి పోదు, అంతా లాభనష్టాలకే. గ్రాట్యుటీ జర్నల్‌ను కాపీ చేసి లీవుకి వేసినప్పుడు ఈ తప్పు పడుతుంది. ఉద్యోగి ఎప్పుడంటే అప్పుడు లీవు వాడుకోగలిగినా, సొమ్ము చేసుకోగలిగినా, ఆ మొత్తాన్ని ఏడాదికి మించి వాయిదా వేసే హక్కు కంపెనీకి లేదు. అప్పుడు బ్యాలెన్స్ షీట్లో అది కరెంటు అప్పే (ఏడాదిలోపు తీర్చాల్సినది), యాక్చువరీ రిపోర్టులో ఏడాది తరువాతిది అని విడగొట్టినా సరే.

పీలింగ్ షెడ్డులో పర్మినెంటు జాబితాలో ఉన్న ముక్క కూలి కార్మికులది వేరే చిక్కు. వారికి గ్రాట్యుటీ మానేసే ముందు మూడు నెలల సగటు వేతనం మీద, ఓవర్‌టైము కాకుండా. సరుకు బాగా దిగే నెలల్లో మానేసినవారికీ, షెడ్డు సగం ఖాళీగా ఉన్నప్పుడు మానేసినవారికీ చాలా తేడా వస్తుంది. మార్చి ఒక్క నెల కూలిని యాక్చువరీకి పంపితే అప్పు పెంచినట్టో తగ్గించినట్టో అవుతుంది. గత ఏడేళ్లలో మానేసినవారి తేదీలు చూసి, వారు ఎక్కువగా ఏ నెలల్లో వెళ్లారో దాన్నిబట్టి సగటు తీయడం మేలు. ఆ సమాచారం లేకపోతే 12 నెలల సగటు, దానికి కారణం రాసిపెట్టాలి.

కాంట్రాక్టరు తెచ్చిన ఒలుపు కార్మికులు ఈ డేటాలో ఉండరు. అయితే కాంట్రాక్టు అగ్రిమెంటు చదవాలి. గ్రాట్యుటీ కాంట్రాక్టరు ఇచ్చినా కంపెనీ తిరిగి చెల్లిస్తుందని ఉంటే, దాన్ని కంపెనీ అప్పుగా విడిగా లెక్కించాలి.

డేటా షీటు పంపే ముందు చేసే పరీక్షల్లో తప్పనిసరిది తల లెక్క: గత ఏడాది ఎంతమంది, చేరినవారు, మానేసినవారు, చనిపోయినవారు, ఈ ఏడాది ఎంత. ఇది జీతాల షీటు, పీఎఫ్ చలానా, గ్రాట్యుటీ నామినేషన్ల సంఖ్యతో కలవాలి. ఆ తరువాత పుట్టిన తేదీల వరసలో జులై 1, జనవరి 1 ఎన్ని ఉన్నాయో చూడాలి. పాత బడి రికార్డుల నుంచీ, ఏడాది మాత్రమే ఉన్న ఆధార్ నుంచీ వచ్చిన తేదీలవి. పీఎఫ్ రికార్డులో ఇంకో తేదీ ఉంటే రిటైర్మెంట్ ఏడాదే మారిపోతుంది.

సర్క్యులర్‌ను మార్చవచ్చా

బోర్డు మొదట రద్దు చేద్దామంది. ఇప్పటికే రిటైరైన 64 కుటుంబాల విషయంలో అది చట్టపరంగా నిలవడం అనుమానమే. రద్దు ప్రకటించినా కడుతూ ఉంటే ఆచరణ వల్ల హామీ మళ్లీ పుడుతుంది. చివరికి కుదిరింది ఇకపై రిటైరయ్యేవారికి మాత్రమే, ప్రీమియంలో కంపెనీ వాటా ఏడాదికి 24,000 దగ్గర ఆపడం, పైది వారే భరించడం. వైద్య ద్రవ్యోల్బణం కంపెనీ నెత్తి నుంచి దిగిపోతే అదే జంటకి ప్రస్తుత విలువ 7.33 లక్షల నుంచి 2.88 లక్షలకు పడుతుంది. 2 లక్షల కవరును 5 లక్షలకు పెంచి వాటాను ఆపడం యూనియన్ కూడా ఒప్పుకోగల బేరం.

తగ్గిన మొత్తం ప్రతికూల గత సర్వీసు ఖర్చు, అంటే లాభనష్టాల ఖాతాకి క్రెడిట్. అది ఏ ఏడాదికి చెందుతుందో తేదీలే చెబుతాయి. బోర్డు తీర్మానం చేసి, ఉద్యోగులకు తెలియజేసి, యూనియన్ సంతకం పెట్టింది 2026 మార్చి 31 లోపలైతే 2025-26లో. ఏప్రిల్ దాటాక జరిగితే ఈ ఏటి అప్పు 487.8 దగ్గరే ఉంటుంది, నోట్సులో ఒక పేరా రాయడమే. ఇక్కడ సంతకాలు ఏప్రిల్ రెండో వారంలో పడ్డాయి.